పాతబస్తీ చల్లదనం: వట్టివేళ్ల తడిక నుంచి పవర్ కార్డు దాకా

హైదరాబాదు పాతబస్తీలో దేవిడీలు, అంటే నవాబుల భవంతులు, కట్టిన మేస్త్రీలకు కరెంటు సంగతి తెలియదు. ఎండ సంగతి మాత్రం బాగా తెలుసు. గోడలు మందంగా లేపి డంగుసున్నంతో మెత్తారు. పైకప్పు మనిషికి మూడింతల ఎత్తున పెట్టారు. నడుమ వాకిలి, వాకిట్లో నీళ్ల హౌజు, చుట్టూ దాలాన్లు, గోడల పైభాగాన రోషన్‌దాన్లు. మధ్యాహ్నం వేడెక్కిన గాలి పైకి లేచి రోషన్‌దాన్ల గుండా వెళ్లిపోతే, హౌజు మీదుగా వచ్చే గాలి దాని చోటు నింపేది. ఎండలు ముదిరాక గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లించేవారు. అక్బరు కొలువులో ఈ తడికల వాడకం ఉన్నట్టు 'ఐనె అక్బరీ' చెబుతుంది. సురేకారంతో తాగే నీళ్లను చల్లబరిచే పద్ధతి కూడా అందులోనే ఉంది.

ఆ చల్లదనం ఊరికే రాలేదు. తోలుతిత్తులతో నీళ్లు మోసిన భిస్తీలు, తాడు పట్టుకుని పంఖా లాగుతూ కునికిపాట్లు పడిన కుర్రాళ్లు దాని ఖర్చు భరించారు.

తర్వాతి వందేళ్లలో అవే ఇళ్లలోకి చల్లదనం తీగ మీద నడిచి వచ్చింది. ఆ తీగలో చివరి మీటరున్నర ముక్క, అంటే గోడలోని సాకెట్టుకూ యంత్రానికీ మధ్య వేలాడే పవర్ కార్డు, చరిత్ర రాసేవాళ్ల కంట పడే వస్తువు కాదు. కంపెనీలు, ఆనకట్టలు, పవర్ హౌసుల గురించి పుస్తకాలున్నాయి. కానీ పాతబస్తీ ఇళ్లలో కరెంటు ఎలా పాకిందో, మరమ్మతు చేసుకునే అలవాటు ఎలా పుట్టిందో, ఆ అలవాటు ఎక్కడ బెడిసికొట్టిందో చూడాలంటే ఆ ముక్కనే చూడాలి.

హైదరాబాదులో కరెంటు ముందుగా మెరిసింది మహళ్లలో. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఫలక్‌నుమాలో ఆస్లర్ షాండ్లియర్లున్నాయి, వాటిని వెలిగించే పెద్ద స్విచ్‌బోర్డు ఉంది. హోటలుగా మారిన ఆ మహల్‌కు వచ్చేవాళ్లు ఇప్పటికీ ఆ బోర్డు ముందు ఆగి చూస్తారు. అదే కాలానికి చెందిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పురానీ హవేలీలో మాత్రం మనుషులు చేత్తో తాడు లాగి నడిపే చెక్క లిఫ్టు వాడాడు. రెండు కాలాలూ ఒకే నిజాం కింద పక్కపక్కనే బతికాయన్నమాట. 1910 ప్రాంతంలో రాజ్యానికి సొంత విద్యుత్ శాఖ ఏర్పడింది. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ప్రసాద్స్ ఉన్న వైపున, థర్మల్ పవర్ స్టేషను పని మొదలుపెట్టింది. అప్పటికి గద్దె మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఉన్నాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఊరిని ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడి, పత్తర్‌గట్టీ లాంటి కొత్త బజార్లు లేచిన రోజులవి. కొత్త రోడ్లతో పాటే కొత్త స్తంభాలూ వచ్చాయి.

అయితే ఇళ్లు మాత్రం పాతవే. డంగుసున్నం గోడను చెక్కి లోపల తీగ దాచడం తేలిక కాదు. అందుకే టేకు చెక్కలో రెండు గాళ్లు తీసి, వాటిలో రబ్బరు తొడుగు రాగి తీగలు పరిచి, పైన చెక్క పట్టీ మూసేవారు. కేసింగ్ వైరింగు అని దానికి పేరు. తర్వాత చెక్క పట్టీ మీద క్లిప్పులు కొట్టే బ్యాటెన్ వైరింగు వచ్చింది. పింగాణీ దిమ్మల మీద ఇత్తడి మూతల స్విచ్చులు, పింగాణీ ఫ్యూజులు. టేబుల్ ఫ్యానుకో దీపానికో వేలాడే తీగ మాత్రం మెత్తటిది: సన్నని రాగి పోగులు, వాటి మీద రబ్బరు, రబ్బరు మీద నూలు అల్లిక, అలాంటివి రెండు మెలివేసి ఉండేవి. చూడ్డానికి ముచ్చటగా ఉండేది కానీ హైదరాబాదు ఎండకు ఆగేది కాదు. రబ్బరు కొన్నేళ్లకు గట్టిపడి, వంచిన చోట పగిలేది. పైన నూలు అల్లిక చెక్కుచెదరకుండా ఉండేసరికి లోపలి పగులు కంటికి కనబడేది కాదు. పీవీసీ తొడుగులు వాడకంలోకి వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది. ఎలుకల బాధ మాత్రం తగ్గలేదు. పాత మిద్దెల్లో ఎలుకలు నూలునీ, రబ్బరునీ, పీవీసీనీ ఒకే శ్రద్ధతో కొరుకుతాయి.

జోడు కట్టే అలవాటు ఆ రోజుల్లోదే. తీగ ఎక్కడ పగిలితే అక్కడ కోసి, రెండు కొసలు గీకి, రాగి పోగులు కలిపి మెలేసి, పైన నల్లపట్టీ చుట్టేస్తే పని అయిపోయేది. దీన్ని తప్పుపట్టడానికి లేదు. తీగ ఖరీదైన సరుకు, చేతిపని చవక. పైగా అది నడిచేది కూడా. ఎందుకు నడిచిందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 60 వాట్ల ఫ్యాను 230 వోల్టుల మీద పావు ఆంపియరు చిల్లర లాగుతుంది. మెలేసిన జోడు కాస్త వదులై అర ఓము నిరోధం వచ్చిందనుకుందాం. ఆంపియర్లను వాటితోనే హెచ్చించి, నిరోధంతో హెచ్చిస్తే అక్కడ పుట్టే వేడి తెలుస్తుంది. ఫ్యాను విషయంలో అది వాటులో ముప్ఫయ్యో వంతు. చేత్తో తాకినా తెలియదు. అదే జోడు గుండా ఒకటిన్నర టన్నుల ఏసీ 8 ఆంపియర్లు లాగితే పుట్టే వేడి 32 వాట్లు. దాదాపు వెయ్యి రెట్లు. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్లలో చిన్నవి 25 వాట్లవి ఉంటాయి. ఈ జోడు దానికంటే ఎక్కువ వేడిని, ఓ నల్లపట్టీ ముడి లోపల, పరదా పక్కన, రాత్రంతా పుట్టిస్తుంది. మామూలు పీవీసీ తొడుగు ఓర్చుకునే వేడి 70 డిగ్రీలు. ఆ పైన అది మెత్తబడి, నల్లబడి, రాగిని వదిలేస్తుంది.

జోడు కట్టే ఉస్తాదు చేతి పనిలో మార్పు లేదు. తీగలో పారే కరెంటు మారింది.

చల్లదనాన్ని టన్నుల్లో కొలిచే లెక్క మంచు వ్యాపారం నాటిది. ఒక టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడిని మింగుతుందో అంత వేడిని లాగేసే యంత్రం ఒక టన్నుది. 1840ల్లో అమెరికా చెరువుల మంచును ఓడల మీద తెచ్చి మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్ హౌసులో దాచి అమ్మినప్పుడు ఆ లెక్కకు ఒక అర్థం ఉండేది. 1902లో న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ఒక అచ్చుకూటంలో కాగితం తేమకు సాగిపోతోందని విల్లిస్ క్యారియర్ తన యంత్రాన్ని రూపొందించాడు. మనుషుల సుఖం కోసం కాదు, రంగులు సరిగ్గా పడటం కోసం. మన దేశంలో బ్లూస్టార్ 1943లో, వోల్టాస్ 1954లో మొదలయ్యాయి. హైదరాబాదుకు సొంత గొప్ప ఒకటుంది: నిజాం ప్రభుత్వపు పారిశ్రామిక నిధి అండతో 1942లో పుట్టిన ఆల్విన్. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు అన్నీ చేసింది. సనత్‌నగర్ ఆల్విన్‌లో తయారైన ఫ్రిజ్ ఒక తరం హైదరాబాదీల ఇళ్లలో పెళ్లికానుక. ఫ్రిజ్ ఊళ్లో తయారైతే దాని మెకానిక్ కూడా ఊళ్లోనే తయారవుతాడు. కంప్రెసరు విప్పడం, గ్యాసు నింపడం తెలిసినవాళ్లు గల్లీగల్లీకి ఒకరైనా ఉండే ఊరిగా హైదరాబాదు మారడంలో ఆల్విన్ చేయి తక్కువేం కాదనిపిస్తుంది. 1990ల్లో ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. నేర్చినవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు.

ఫ్రిజ్‌కూ ఏసీకీ మధ్యలో కూలరు కథ ఉంది. హైదరాబాదులో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. అంత ఎండలో ఫ్యాను చేసేదేమీ లేదు, వేడిగాలిని గదిలో తిప్పడం తప్ప. రేకు పనివాళ్లు జింకు పూత రేకుతో పెట్టెలు చేసి, మూడు వైపులా గడ్డి పరదాలు బిగించి, లోపల చిన్న పంపు, వెనక పెద్ద ఫ్యాను పెట్టి అమ్మారు. ఒక రకంగా ఇది పాత వట్టివేళ్ల తడికే. భిస్తీ స్థానంలో పంపు, పంఖా కుర్రాడి స్థానంలో మోటారు. కానీ నీళ్లు, రేకు డబ్బా, కరెంటు మూడూ ఒకే చోట చేరాయి. పంపు తీగ తొడుగు ఊడితే డబ్బా మొత్తం షాకు కొడుతుంది. వేసవిలో కూలరు తాకి పిల్లలో ఆడవాళ్లో చనిపోయారన్న వార్త తెలుగు పత్రికల్లో ఏటా ఎక్కడో ఓ చోటి నుంచి వస్తూనే ఉంది. చాలా ఇళ్లలో కూలరు కార్డుకు మూడో తీగ, అంటే ఎర్త్ తీగ, ఉండేదే కాదు. ఉన్నా, దాన్ని కత్తిరించి రెండు పిన్నుల ప్లగ్గుకు కలిపేవారు. గోడలో రెండు రంధ్రాల సాకెట్టే ఉంది మరి.

ఆ సాకెట్టుకూ ఓ పుట్టుపూర్వోత్తరం ఉంది. మన గుండ్రటి పిన్నుల ప్లగ్గు ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడి ప్రమాణం బీఎస్ 546 అచ్చయింది 1934లో. 1947లో ఇంగ్లండు పలక పిన్నుల కొత్త ప్లగ్గుకు మారిపోయింది. మనం గుండ్రటిదే ఉంచుకున్నాం. దీపాలకు, ఫ్యాన్లకు 5 ఆంపియర్ల చిన్నది, హీటర్లకు 15 ఆంపియర్ల పెద్దది. ఇప్పుడు వాటినే 6, 16 అంటున్నారు. జనం నోట్లో పెద్దదాని పేరు పవర్ ప్లగ్గు. దాని పైపిన్ను మిగతా రెంటికన్నా పొడుగు, లావు. ప్లగ్గు పెట్టేటప్పుడు ఎర్త్ అన్నిటికన్నా ముందు తగలాలి, తీసేటప్పుడు చివర విడవాలి. అందుకే ఆ పొడుగు. ఆ పిన్నును విరిచేసి రెండు పిన్నులతో పని నడిపించే ఇళ్లు నేటికీ ఉన్నాయి.

1970ల్లో గల్ఫ్ దారి తెరుచుకుంది. బార్కాస్, చాంద్రాయణగుట్ట, షాలిబండ వైపు నుంచి వేల మంది సౌదీకి, కువైట్‌కు, దుబాయ్‌కి వెళ్లారు. యెమెన్ మూలాలున్న బార్కాస్ అరబ్బు కుటుంబాలకు ఆ దారి ముందే తెలుసు. సెలవుల్లో వస్తూ టూ ఇన్ వన్లు, ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు తెచ్చారు. కువైట్, దుబాయ్ సరుకుకు ఇంగ్లండు పలక పిన్నుల ప్లగ్గు ఉంటుంది. పాతబస్తీ సాకెట్టులో అది దూరదు. దుకాణానికి తీసుకెళ్తే ప్లగ్గు కోసి పారేసి మన గుండ్రటి ప్లగ్గు బిగించి ఇచ్చేవారు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో పోయిందేమిటో ఎక్కువమంది గమనించలేదు. ఇంగ్లండు ప్లగ్గు లోపల చిన్న ఫ్యూజు ఉంటుంది. కార్డులో కరెంటు హద్దు దాటితే ముందు అది తెగుతుంది. మన ప్లగ్గులో ఫ్యూజు లేదు. తీగను కాపాడే పని మీటరు దగ్గరున్న పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు మీద పడింది. ఆ ఫ్యూజులో తీగ మాటిమాటికి తెగుతోందని లావు రాగి పోగు చుట్టి పెట్టడం ఇంటింటి విద్య. ఇక కాపలా ఏ దశలోనూ లేదు. సౌదీ సరుకు సంగతి వేరు: అక్కడి కరెంటు సెకనుకు 60 ఆవృత్తులది, మనది 50. అక్కడి మోటార్లు ఇక్కడ నెమ్మదిగా తిరుగుతూ ఎక్కువ వేడెక్కుతాయి. వేడి మళ్లీ తీగ మీదకే వస్తుంది.

గల్ఫ్ ఒక మేలు కూడా చేసింది. ఏసీ మెకానిక్ పని, ఎలక్ట్రీషియన్ పని నేర్చుకుంటే వీసా దొరుకుతుందని కుర్రాళ్లు మల్లేపల్లి ఐటీఐ వైపు, తెలిసిన ఉస్తాదుల దుకాణాల వైపు నడిచారు. అక్కడి ఎడారి ఊళ్లలో పెద్ద భవనాల ఏసీ పనిచేసి వచ్చినవాడికి జోడు అంటే ఇష్టముండదు. తీగ కొసకు లగ్గు, అంటే లోహపు తొడుగు, నొక్కకుండా బిగించడు. పాతబస్తీలో మంచి పని, మొరటు పని పక్కపక్క గల్లీల్లోనే దొరకడానికి ఇదొక కారణం.

సరుకు బజార్ల తీరు కూడా అంతే. కొత్త తీగ కావాలంటే మూసీ దాటి కోఠి వైపు ట్రూప్ బజారుకు పోవాలి. అక్కడ ప్లగ్గులు, స్విచ్చులు, తీగలు, దీపాలు తప్ప వేరే లోకం లేదు. తీగ మీటర్ల లెక్కన కోసిస్తారు. పాత సరుకు కావాలంటే పురానాపూల్ వైపు జుమేరాత్ బజారు. గురువారం పూట అక్కడ నేల మీద పరిచిన గుట్టల్లో ఏ యంత్రం నుంచో ఊడదీసిన కార్డు, చెక్కుచెదరని ప్లగ్గుతో సహా, బేరం మీద దొరుకుతుంది. 1892 నాటి గడియార స్తంభం ఉన్న మహబూబ్ చౌక్ చుట్టూ పాత వస్తువుకు ప్రాణం పోసే చేతులు ఇంకా ఉన్నాయి. దేన్నీ పారేయకూడదన్నది ఆ బజార్ల నీతి. చాలా విషయాల్లో అది గొప్ప నీతి కూడా. ఏసీ కార్డు విషయంలో మాత్రం కాదు. ఏ ఎండలో ఎన్నేళ్లు వేలాడిందో, లోపల ఎన్ని పోగులు తెగాయో పైకి తెలియని తీగ అది.

ఏసీ చాలాకాలం పెద్దవాళ్ల వస్తువు. అది మధ్యతరగతి గల్లీల్లోకి దిగింది ఈ శతాబ్దంలో. 2010 నుంచి గది ఏసీలకు స్టార్ లేబుల్ తప్పనిసరైంది. ఏసీ తక్కువ కరెంటు తినడం నేర్చుకుంది, ధర అందుబాటుకొచ్చింది, వాయిదాల మీద దొరికింది. ఈలోగా దేవిడీలు పంపకాల్లో ముక్కలయ్యాయి. నాలుగు వాటాలు, నాలుగు మీటర్లు, అన్నీ ఒకే మెట్ల కింద, ఒకే చెక్క బోర్డు మీద. వాకిలి మీద స్లాబు పడింది. హౌజు పూడిపోయింది. రోషన్‌దాన్‌కు అట్ట అడ్డం పెట్టారు, చల్లగాలి బయటికి పోకుండా. ఇల్లు తనంతట తాను చల్లబడే దారులన్నీ మూసుకుపోయాయి కాబట్టి ఏసీ ఇంకా ఎక్కువసేపు నడవాల్సి వచ్చింది. ఫ్యాన్ల కోసం వేసిన సన్నని తీగ మీద ఆ భారం పడింది. ఏసీకి మీటరు నుంచి విడిగా, 2.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని రాగి తీగ లాగాలన్న మాట ఎలక్ట్రీషియన్ చెబుతూనే ఉంటాడు. గోడ పాడవుతుందని ఇంటాయన వద్దంటూనే ఉంటాడు.

ఎర్త్ సంగతి ఇంకా అన్యాయం. పాత ఇళ్లలో వాకిట్లో గుంత తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు పాతి, అప్పుడప్పుడు నీళ్లు పోసేవారు. వాకిలికి సిమెంటు పడ్డాక ఆ గుంత ఎక్కడుందో తెలిసినవాళ్లు లేరు. అది ఎండిపోయింది. కొందరు నల్లా పైపుకు ఎర్త్ తీగ చుట్టి ఊరుకున్నారు. ఇనుప పైపున్నంత కాలం ఏదో నడిచింది. దాన్ని తీసి ప్లాస్టిక్ పైపు వేసిన రోజు ఆ ఇంటి ఎర్త్ పోయింది, కానీ ఏ బల్బూ ఆరలేదు, ఏ ఫ్యానూ ఆగలేదు. ఎర్త్ లేదని చెప్పేది మొదటి షాకే.

2025 మే 18, ఆదివారం తెల్లవారాక గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచాయి. కింద దుకాణాలు, పైన కుటుంబాలు. పదిహేడు మంది చనిపోయారు, వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ వల్లే జరిగి ఉంటుందని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. లోపలికి, బయటికి ఒకటే ఇరుకు దారి. ఆ మంటకు ఏ తీగ, ఏ జోడు మూలమన్నది ఈ వ్యాసం తేల్చే విషయం కాదు. కానీ ఆ ఇంటి తీరు పాతబస్తీలో ఎంతమందికి తమ ఇంటి తీరులా కనిపించిందో చెప్పనక్కర్లేదు. నిండు ఎండాకాలం, ఒకే మెట్లు, పాత కట్టడం. చార్మినారు దగ్గర చార్ కమాన్‌ల నడుమ నీళ్ల హౌజుగా కట్టిన చోటికి ఆనుకునే ఆ ఇల్లు.

ఇంతకీ పాడైన కార్డు ఎలా మార్చాలి? ప్రతి ఏసీతో వచ్చే చిన్న పుస్తకంలో ఈ ప్రశ్నకు జవాబు ఒకటే: కార్డు దెబ్బతింటే కంపెనీ మనిషో, అంతటి అర్హత ఉన్నవాడో మార్చాలి. చాలామంది దాన్ని సర్వీసు చార్జీ కోసం రాసిన మాట అనుకుంటారు. దాని వెనక కారణం ఉంది. ఏసీ మూత విప్పితే లోపల కెపాసిటరు ఉంటుంది. ప్లగ్గు తీసేసినా అది కొంతసేపు కరెంటు దాచుకుని షాకు కొట్టగలదు. కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 వాయువు నెమ్మదిగానైనా మండే స్వభావం ఉన్నది. పైగా గ్యారంటీ ఉన్న ఏసీ మూత ఇంట్లోవాళ్లు విప్పితే గ్యారంటీ గొడవల్లో పడుతుంది. కాబట్టి హద్దు ఇక్కడ గీసుకోవచ్చు: ప్లగ్గు టాప్ మార్చడం మెలకువ తెలిసిన ఇంటాయన చేసుకోగల పని. యంత్రం మూత విప్పి కార్డు మార్చడం నేర్చినవాడి పని. అయితే అతను సరిగ్గా చేస్తున్నాడో లేదో చూడటం ఇంట్లోవాళ్ల హక్కు.

మంచి పనివాడు రిమోట్‌తో ఏసీ ఆపి ఊరుకోడు, మీటరు దగ్గర ఎంసీబీ స్విచ్చు దించుతాడు. ప్లగ్గు తీసి చేతికి కనబడే చోట పెట్టుకుంటాడు. కాసేపు ఆగుతాడు. మూత విప్పాక ఏ తీగ ఏ స్క్రూ కింద ఉందో ఫోను కెమెరాతో ఫొటో తీసుకుంటాడు. పాత కార్డు మీద అచ్చయిన మందం చూసి, అంతే మందం లేదా అంతకన్నా ఎక్కువ మందం ఉన్న, ఐఎస్ఐ గుర్తున్న మూడు తీగల రాగి ఫ్లెక్సిబుల్ కార్డే వాడతాడు. రంగుల దగ్గర అతని అనుభవం బయటపడుతుంది. మన గోడల్లో పాత అలవాటు ప్రకారం ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. యంత్రంతో వచ్చే కార్డులో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్. నీలాన్ని చూసి ఎర్త్ అని పొరబడిన పనులు ఉన్నాయి. ఎర్త్ తీగను మిగతా రెంటికన్నా ఓ అంగుళం పొడుగుంచుతాడు. కార్డు ఎవరైనా గుంజితే చివరగా ఊడేది అదే కావాలి. పోగులు విడిగా స్క్రూ కింద దూర్చకుండా లగ్గులు నొక్కి బిగిస్తాడు. కార్డు పట్టుకునే క్లాంపు వదిలేయడు. మూత వేసే ముందు మల్టీమీటరుతో ప్లగ్గు పైపిన్ను నుంచి యంత్రం ఇనుప దేహం దాకా దారి ఉందో లేదో చూస్తాడు. టెస్టరు వెలిగితే చాలనుకునేవాడికి ఈ పని తెలియదు.

కార్డు పొడుగు చాలకపోతే మధ్యలో జోడు కట్టడు. అక్కడే ఒక ఉస్తాదు చేయి తెలుస్తుంది. సాకెట్టునే దగ్గరికి తెస్తాడు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఏసీ నడపడం పాతబస్తీలోనే కాదు, జూబ్లీహిల్స్‌లోనూ తప్పే. స్టెబిలైజరు ఉంటే దాని వెనక సాకెట్టు కూడా చూడాలి. గోడ ప్లగ్గు చల్లగా ఉండి, స్టెబిలైజరులో దూర్చినది కరిగిపోయిన సందర్భాలు మెకానిక్‌లకు కొత్త కాదు. ప్లగ్గు మాత్రమే నల్లబడి ఉంటే కొత్త ప్లగ్గు పెట్టి ఊరుకోకూడదు, సాకెట్టు కూడా మార్చాలి. వదులైన పాత సాకెట్టు కొత్త ప్లగ్గును రెండు నెలల్లో మళ్లీ కాలుస్తుంది. ఆ సర్క్యూటుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు తెంచేసే ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే ఎర్త్ గుంత సంగతి తేలేదాకా ప్రాణానికి ఓ కాపలా ఉంటుంది. ఎర్త్‌కు బదులు న్యూట్రల్‌నే యంత్రం దేహానికి కలిపేసే చిట్కా చెప్పేవాడిని మాత్రం గుమ్మంలోంచే పంపేయాలి.

జోడు సంప్రదాయం బల్బులకూ ఫ్యాన్లకూ పుట్టింది, వాటితోనే ఆగిపోవాల్సింది. ఏసీ కార్డుకు ఒకే మరమ్మతు ఉంది, అది మొత్తంగా మార్చడం. ఈ వేసవిలో ఏసీని అరగంట నడిపి, ఆపి, స్విచ్చు కట్టేసి, ప్లగ్గు బయటికి తీసి చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, పిన్నులు గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా మళ్లీ పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. వేడి మీటరు దగ్గరో, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గరో ఉంటే అది మీరు గానీ మీ మెకానిక్ గానీ తాకే చోటు కాదు. కరెంటు ఆఫీసుకు 1912 నంబరు మీద ఫోను చేయండి.